ముక్కను సెలైన్‌లో వేసి ఇంటివాళ్ల చేతికి ఇవ్వకండి

సంపాదకులకు,

నమస్కారం. పోయిన ఆదివారం మీ పత్రికలో మెదడు గడ్డల మీద వచ్చిన వ్యాసం రెండుసార్లు చదివాను. కొత్త ఎంఆర్ఐ యంత్రాల గురించి, ఆపరేషన్ల గురించి, కొత్త మందుల గురించి వివరంగా రాశారు. సంతోషం. కానీ గడ్డను తలలోంచి తీసిన తర్వాత, రిపోర్టు చేతికొచ్చే లోపల ఏం జరుగుతుందో అందులో ఎక్కడా లేదు. నేను 31 ఏళ్లు ఆ మధ్యలో జరిగే పనే చేశాను. కోస్తాలోని ఒక ప్రభుత్వ బోధనాసుపత్రి పాథాలజీ విభాగంలో టెక్నీషియన్‌గా ఉండి మూడేళ్ల కిందట రిటైర్ అయ్యాను. ఆపరేషన్ థియేటర్ నుంచి వచ్చిన గడ్డ ముక్కను మైనంలో పెట్టి, పలచగా కోసి, రంగు వేసి డాక్టరు గారి మైక్రోస్కోపు దగ్గరికి పంపడం నా ఉద్యోగం. ఉత్తరం పొడుగైంది. చోటు ఉంటే పూర్తిగా వేయమని కోరుతున్నాను.

మా తమ్ముడిది సత్తెనపల్లి దగ్గర పల్లె. మిరప, పత్తి వేస్తాడు. వాడి కొడుక్కి 33 ఏళ్లు, విత్తనాల కొట్టులో పని. ఏప్రిల్‌లో ఒక పొద్దున కొట్టు షట్టర్ ఎత్తుతూ ఎత్తుతూ ఫిట్స్ వచ్చి పడిపోయాడు. అంతకు ముందు తలనొప్పి కూడా ఎరగడు. స్కానింగ్‌లో ఎడమ పక్క ముందు భాగంలో గడ్డ కనిపించింది. మే నెలలో ఒక శనివారం నగరంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ జరిగింది. సర్జన్ గారు చాలా జాగ్రత్తగా చేశారు. మాట పోలేదు, చెయ్యి పడిపోలేదు, గడ్డ కంటికి కనిపించినంత మేరా తీసేశారు. ఆయనకు చేతులెత్తి మొక్కాలి. ఆ ఆసుపత్రి పేరు ఇక్కడ రాయను. నేను చెప్పబోయేది ఆ ఒక్క చోటే జరిగే పని కాదు.

ఆదివారం సాయంత్రం తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, ముక్క నా దగ్గరే ఉంది. రేపు ఏ ల్యాబ్‌లో ఇస్తే తక్కువలో అవుతుంది?"

"నీ దగ్గర ఉండటమేమిటి? ఎప్పుడిచ్చారు?"

"నిన్న మధ్యాహ్నం థియేటర్ బయట డబ్బాలో పెట్టి ఇచ్చారు. మీకు నచ్చిన ల్యాబ్‌లో ఇచ్చుకోండి అన్నారు. ఇవాళ ఆదివారం, తీసి లేవు కదా."

"ఏ నీళ్లలో వేసి ఇచ్చారు? మూత కొంచెం తీసి చూడు. కళ్లు మండే వాసన ఉందా?"

కాసేపు మాట్లాడలేదు. "ఏ వాసనా లేదక్కా. మామూలు నీళ్లలాగే ఉంది."

నేను ఫోన్ పట్టుకునే మంచం మీద కూర్చుండిపోయాను. అది సెలైన్. ముక్క పాడవకుండా వేసి ఉంచే మందు నీళ్లు ఫార్మలిన్. దాని వాసన ఒకసారి ముక్కుకు తగిలినవాళ్లు జన్మలో మరచిపోరు. ఏ వాసనా లేదంటే ఆ ముక్క అప్పటికి 28 గంటలుగా, గుంటూరు ఎండల్లో, ఒక లాడ్జి గదిలో, ఉప్పు నీళ్లలో నానుతోందన్నమాట. చచ్చిపోయిన కణం ఊరుకోదు. దానిలోని రసాలే దాన్ని అరిగించేస్తాయి. మెదడు ముక్క అసలే మెత్తన, తొందరగా పాడవుతుంది. ఎండాకాలం బయట ఉంచేసిన చేపను తలచుకోండి. ఫ్రిజ్‌లో పెట్టినా ఆలస్యమవుతుందే కానీ ఆగదు. దాన్ని ఆపడానికి మేం వాడేది ఫార్మలిన్. అది ప్రోటీన్లను ఎక్కడివక్కడ బిగించి పెడుతుంది.

నాతో పని చేసిన అమ్మాయి ఒకామె ఆ నగరంలోనే ఉంటుంది. ఆమె ఆ రాత్రికి రాత్రి తన ల్యాబ్ తాళం తీయించి ముక్కను ఫార్మలిన్‌లో వేసింది. అప్పటికే జరగాల్సిన నష్టం జరిగిపోయింది.

మెదడు గడ్డ విషయంలో ఈ నష్టం ఎందుకంత పెద్దదో చెప్పాలంటే ఒక ఎంజైమ్ గురించి, దాన్ని పట్టుకునే ఒక యాంటీబాడీ గురించి చెప్పాలి. యాంటీబాడీ అంటే ఒంట్లోకి వచ్చిన కొత్త పదార్థాన్ని గుర్తుపట్టి పట్టుకునే ప్రోటీన్. మీ వ్యాసంలో 'ఐడీహెచ్ పరీక్ష' అని ఒక్క మాటలో దాటేశారు. నాకు ఆ ఒక్క మాట దగ్గరే ఆగాలనిపించింది.

ఐసోసిట్రేట్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైమ్ మన ఒంట్లో ఉంటుంది. పొట్టిగా ఐడీహెచ్ అంటారు. ఇందులో మూడు రకాలున్నాయి. ఒకటో రకం కణంలోని ద్రవంలో పని చేస్తుంది. నిమ్మకాయకు పులుపునిచ్చే సిట్రిక్ ఆమ్లానికి తోబుట్టువు లాంటిది ఐసోసిట్రేట్. దాన్ని ఆల్ఫా కీటోగ్లూటరేట్‌గా మార్చడం ఈ ఎంజైమ్ పని. మారుస్తూ ఎన్ఏడీపీహెచ్ అనే పదార్థాన్ని తయారు చేసి కణానికి ఇస్తుంది. కొవ్వులు కట్టుకోవడానికీ, ఆక్సిజన్ వల్ల కలిగే దెబ్బల నుంచి కాచుకోవడానికీ కణానికి అది కావాలి. రోజూ నిశ్శబ్దంగా జరిగిపోయే వంటింటి పని లాంటిది. డాక్టర్లకు తప్ప దీని పేరు ఎవరికీ తెలియాల్సిన అవసరం లేకపోయేది.

2008లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ శాస్త్రవేత్తలు మెదడు గడ్డల్లోని జన్యువులను వేల సంఖ్యలో వరసపెట్టి చదువుతుంటే ఈ ఎంజైమ్ దగ్గర తేడా కనిపించింది. ఇది 414 అమైనో ఆమ్లాలను పూసల్లా గుచ్చిన గొలుసు. 132వ చోట ఆర్జినిన్ ఉండాలి. కొందరి గడ్డల్లో, ముఖ్యంగా వయసులో ఉన్నవాళ్ల గడ్డల్లో, అక్కడ ఇంకొకటి వచ్చి కూర్చుంది. ఎక్కువగా హిస్టిడిన్. మెదడులోని ఆసరా కణాల్లో పుట్టే గడ్డలను గ్లియోమాలు అంటారు. వాటిలో కనిపించే ఐడీహెచ్ మార్పుల్లో దాదాపు నూటికి 90 ఈ ఒక్క రకమే. దాన్నే ఆర్132హెచ్ అంటారు. ఆ ఒక్క పూస మారగానే ఎంజైమ్ దారి తప్పుతుంది. తాను తయారు చేయాల్సిన ఆల్ఫా కీటోగ్లూటరేట్‌ను తీసుకుని 2-హైడ్రాక్సీ గ్లూటరేట్ అనే వేరే పదార్థంగా మార్చడం మొదలుపెడుతుంది. అది కణంలో పేరుకుపోయి, ఏ జన్యువు ఎప్పుడు తెరుచుకోవాలో చూసుకునే ఏర్పాటును చెడగొడుతుంది. మారిన ఎంజైమ్ ఈ పదార్థాన్ని తయారు చేస్తుందని 2009లో తేలింది.

చిత్రమేమిటంటే ఈ మార్పు ఉన్న గడ్డ, మార్పు లేని గడ్డ కంటే నెమ్మదిగా పెరుగుతుంది. 2009లో ఒక పెద్ద వైద్య పత్రికలో వచ్చిన లెక్క నాకు కంఠతా వచ్చు. మా పాథాలజీ ప్రొఫెసర్ గారు దాన్ని బోర్డు మీద రాసి చెప్పారు. అప్పట్లో గ్లియోబ్లాస్టోమా అని, అంటే గ్లియోమాల్లోకెల్లా చెడ్డ జాతి అని, పిలిచిన గడ్డల్లోనే ఎంజైమ్ మారినవాళ్ల మధ్యస్థ ఆయుష్షు 31 నెలలు, మారనివాళ్లది 15 నెలలు. పైకి చూస్తే మాత్రం రెండు గడ్డలూ ఒకేలా ఉండొచ్చు. మేం మామూలుగా వేసే గులాబీ, ఊదా రంగుల్లో ఎంత అనుభవమున్న కన్నయినా తేడా పోల్చలేని సందర్భాలుంటాయి. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మెదడు గడ్డల వర్గీకరణలో ఈ ఎంజైమ్‌ను చేర్చింది. 2021లో ఇంకా గట్టిగా చెప్పింది. పెద్దవాళ్లలో ఐడీహెచ్ మారిన గడ్డను ఇక గ్లియోబ్లాస్టోమా అనకూడదు. కాబట్టి ఈ ఎంజైమ్ సంగతి తేలకుండా గడ్డ పేరే పూర్తి కాదు.

ఇప్పుడు యాంటీబాడీ దగ్గరికి వస్తాను. జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో ఆండ్రియాస్ ఫాన్ డైమ్లింగ్ బృందం, అక్కడి జర్మన్ క్యాన్సర్ పరిశోధన కేంద్రం కలిసి 2009లోనే దీన్ని తయారు చేశాయి. మారిన ఎంజైమ్‌లోని ఆ 132వ చోటు చుట్టుపక్కల ఉండే చిన్న గొలుసు ముక్కను తయారు చేసి ఎలుకకు ఇచ్చారు. ఎలుక ఒంట్లో దానికి విరుగుడుగా యాంటీబాడీలు పుట్టాయి. వాటిని పుట్టించే కణాలను ఎలుక ప్లీహం నుంచి తీసి, చావు లేకుండా పెరిగే క్యాన్సర్ కణాలతో కలిపారు. ఇలా కలిపే పద్ధతిని 1975లో కేంబ్రిడ్జ్‌లో కోలర్, మిల్‌స్టీన్ కనిపెట్టారు. 1984లో వాళ్లకు నోబెల్ వచ్చింది. అలా పుట్టిన కణాల సంతానాల్లోంచి ఏరి ఏరి ఒకదాన్ని పట్టుకున్నారు. దాని పేరు హెచ్09. ఈ యాంటీబాడీ మామూలు ఐడీహెచ్‌ను ముట్టుకోదు. 414 పూసల్లో ఒక్క పూస మారిన దాన్నే పట్టుకుంటుంది. నేను మొదటిసారి ఈ సంగతి విన్నప్పుడు నమ్మలేదు. ఒకే ఇంట్లోని కవలల్లో చిటికెన వేలి మీద పుట్టుమచ్చ ఉన్నవాణ్ణి చీకట్లో తడిమి పోల్చినట్టు అనిపించింది.

మా విభాగంలో ఈ పరీక్ష మొదలుపెట్టిన రోజులు నాకు బాగా గుర్తు. చిన్న సీసా, అడుగున కొంచెం ద్రవం. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. కరెంటు పోతే ఎక్కడ పాడవుతుందోనని ఆ సీసాను బ్లడ్ బ్యాంకు ఫ్రిజ్‌లో దాచేదాన్ని, అక్కడ జనరేటర్ ఉండేది. ముక్కను పెట్టిన మైనం బ్లాకును మైక్రోటోమ్ అనే కోత యంత్రం మీద 3, 4 మైక్రాన్ల మందాన కోయాలి. ఉల్లిపొర దాని ముందు దుప్పటి లెక్క. మేం ఉద్యోగంలో చేరిన కాలంలో గాజు పలకకు కోడిగుడ్డు తెల్లసొన, గ్లిసరిన్ కలిపి రాసి దాని మీద అంటించేవాళ్లం. మామూలు రంగులకు అది సరిపోయేది. యాంటీబాడీ పనికి అది చాలదు, ఉడికించేసరికి పొర ఊడి నీళ్లలో తేలిపోయేది. ఒక రోజంతా చేసిన పని అలా తేలిపోతే ఏడుపొచ్చేది. తర్వాత పూత పూసిన స్లైడ్లు వచ్చాయి.

ఉడికించడమేమిటని అడుగుతారేమో. ఫార్మలిన్ ప్రోటీన్లను బిగించేస్తుందని చెప్పాను కదా. ఆ బిగింపులో యాంటీబాడీ పట్టుకోవాల్సిన చోటు కూడా మూసుకుపోతుంది. వేడి చేస్తే అది మళ్లీ తెరుచుకుంటుందని 1991లో తెలిసింది. సిట్రేట్ ద్రావణంలో గానీ, ట్రిస్ ఈడీటీఏ ద్రావణంలో గానీ స్లైడ్లను పెట్టి కాచాలి. మాకు దానికి వేరే యంత్రం లేదు. మా ఇంట్లోని 5 లీటర్ల ప్రెషర్ కుక్కర్ పట్టుకెళ్లాను. అది మళ్లీ ఇంటికి రాలేదు. తర్వాత యాంటీబాడీ చుక్కలు వేసి మూత పెట్టి ఉంచాలి, స్లైడ్ ఆరిపోకూడదు. కడిగి రెండో యాంటీబాడీ వేయాలి. దానికి ఒక ఎంజైమ్ తగిలించి ఉంటుంది. చివర్న డీఏబీ అనే రంగు వేస్తే మొదటి యాంటీబాడీ ఎక్కడ పట్టుకుందో అక్కడ గోధుమ రంగు తేలుతుంది. గడ్డ కణం మొత్తం గోధుమ రంగు. చుట్టూ మామూలు మెదడు కణాలు లేత నీలం. ఆరోగ్యంగా ఉన్న మెదడులోకి పాకిన ఒంటరి గడ్డ కణాన్ని కూడా వేలు పెట్టి చూపించొచ్చు. ఎన్ని వేల స్లైడ్లు చేశానో లెక్క లేదు కానీ ఆ గోధుమ రంగు తేలే రెండు మూడు నిమిషాలూ రిటైర్ అయ్యేదాకా నాకు టెన్షన్‌గానే ఉండేది.

మన యల్లాప్రగడ సుబ్బారావు గారు హార్వర్డ్‌లో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి ఫాస్ఫరస్‌ను రంగుతో కొలిచే పద్ధతి 1925లో కనిపెట్టారు. ఆ పద్ధతిని నేను డిప్లొమాలో నేర్చుకున్నాను. కంటికి కనిపించని దాన్ని రంగులో చూపించే విద్యలో భీమవరంలో పుట్టిన మనిషి చెయ్యి కూడా ఉందని మా జూనియర్లకు చెప్పేదాన్ని. ఇది అసలు విషయానికి పక్కదే, కానీ చెప్పకుండా ఉండలేకపోయాను.

ఇక మా మేనల్లుడి ముక్క సంగతి. సోమవారం బ్లాకు చేశారు. మొదటి రిపోర్టులో కణజాలం పాడైందనీ, గ్లియోమా అని మాత్రం చెప్పగలమనీ, ఐడీహెచ్ పరీక్ష చేయించమనీ రాశారు. ఆ బ్లాకు పట్టుకుని తమ్ముడూ నేనూ రాత్రి బస్సులో హైదరాబాద్ వెళ్లాం. పరీక్షలకు మా జేబులోంచే కట్టుకున్నాం. నాలుగో రోజు ఫోన్ వచ్చింది. ఐడీహెచ్1 ఆర్132హెచ్, నెగెటివ్.

అది వినగానే తమ్ముడు "మంచిదేగా అక్కా" అన్నాడు. రక్త పరీక్షల్లో నెగెటివ్ అంటే మంచిదనే కదా మనకు తెలుసు. ఇక్కడ అది తలకిందులు. నెగెటివ్ అయితే ఆ గడ్డ చెడ్డ జాతిదయ్యే అవకాశం ఎక్కువ. వాడికి చెప్పడానికి నాకు నోరు రాలేదు.

కానీ అక్కడి పాథాలజిస్టు ఆ రిపోర్టు మీద సంతకం పెట్టలేదు. మమ్మల్ని లోపలికి పిలిచారు. ఆవిడ చూపించింది చదివేవాళ్లు దయచేసి ఓపిగ్గా అర్థం చేసుకోవాలి. ఈ ఉత్తరం రాయడానికి అదే కారణం.

ఈ యాంటీబాడీ మారిన ఎంజైమ్‌ను మాత్రమే పట్టుకుంటుంది. మామూలు కణాల మీద అసలు రంగు రాదు. కాబట్టి స్లైడ్ మీద ఎక్కడా గోధుమ రంగు లేదంటే రెండు అర్థాలుండొచ్చు. ఒకటి, నిజంగానే ఆ మార్పు లేదు. రెండు, మార్పు ఉంది కానీ ముక్క కుళ్లిపోయి ప్రోటీన్ పోయింది, యాంటీబాడీకి పట్టుకోవడానికేమీ మిగల్లేదు. చూడటానికి రెండు స్లైడ్లూ ఒక్కలాగే ఉంటాయి. పక్కన, మార్పు ఉందని ముందే తెలిసిన వేరే రోగి ముక్కను కంట్రోల్‌గా, అంటే సరిచూసుకోవడానికి, పెడతాం, అది చక్కగా గోధుమ రంగు తేలితే యాంటీబాడీ బాగుందని తెలుస్తుంది. మన ముక్క బాగుందో లేదో దానివల్ల తెలియదు.

ఆవిడ దాంతోపాటు ఏటీఆర్ఎక్స్ అనే ఇంకో ప్రోటీన్‌కు కూడా యాంటీబాడీ వేశారు. ఆ ప్రోటీన్ మామూలు కణాలన్నింటిలోనూ ఉంటుంది. గడ్డ కణాల్లో పోయినా, మధ్యలో ఉన్న రక్తనాళాల గోడల్లో తప్పకుండా రంగు రావాలి. మా స్లైడ్‌లో రక్తనాళాల్లో కూడా రాలేదు. "ఇది గడ్డ చెప్పే జవాబు కాదమ్మా, పాడైన ముక్క చెప్పే జవాబు. ఇంకేదైనా బ్లాకు ఉందా?" అని అడిగారు.

ఇంకేముంటుంది అని తమ్ముడు నా మొహం చూశాడు. అప్పుడు నాకు తట్టింది. ఆపరేషన్ మధ్యలో సర్జన్లు ఒక చిన్న ముక్కను స్క్వాష్ పరీక్షకు పంపుతారు. గాజు పలకల మధ్య నలిపి, రంగు వేసి, అది గడ్డేనా అని పది నిమిషాల్లో చెబుతారు. వెంటనే ఫోన్లు చేశాం. ఆ శనివారం స్క్వాష్ చేసింది ఆసుపత్రి పక్కనున్న చిన్న ల్యాబ్. అక్కడి టెక్నీషియన్ కుర్రాడు స్క్వాష్ చేయగా మిగిలిన రవ్వను, ఎవరూ అడగకుండానే, అప్పటికప్పుడు ఫార్మలిన్‌లో వేసి, పేరు, తేదీ, టైము రాసి, సోమవారం బ్లాకు కూడా చేసి పెట్టాడు. కందిబద్దలో సగం ఉంటుందేమో ఆ ముక్క.

ఆ రవ్వ మీద మళ్లీ అవే రెండు యాంటీబాడీలు వేశారు. ఈసారి ఆర్132హెచ్ గోధుమ రంగులో నిండుగా తేలింది. ఏటీఆర్ఎక్స్ రక్తనాళాల్లో ఉంది, గడ్డ కణాల్లో లేదు. ఆస్ట్రోసైటోమా అనే రకం గ్లియోమా, ఐడీహెచ్ మారినది, గ్రేడ్ 2, అంటే నెమ్మదిగా పెరిగేది. ఒకే మనిషి, ఒకే గడ్డ, ఒకే యాంటీబాడీ. సెలైన్‌లో నానిన పెద్ద ముక్క ఒక అబద్ధం చెప్పింది, ఫార్మలిన్‌లో పడిన ఆ చిన్న రవ్వ నిజం చెప్పింది.

ఆ పాథాలజిస్టు తొందరపడి సంతకం పెట్టి ఉంటే? 33 ఏళ్ల వాడికి చెడ్డ జాతి గడ్డ అనే అనుమానంతో వెంటనే రేడియేషన్, కీమో మొదలయ్యేవేమో. తమ్ముడు పొలం బేరం పెట్టేవాడు. నిజానికి ఈ వయసులో నెగెటివ్ వస్తే అక్కడితో ఆగకూడదు, జన్యువును నేరుగా చదివే పరీక్ష చేయాలని నిబంధన ఉంది. ఆర్132హెచ్ కాని వేరే మార్పులనూ, రెండో రకం ఐడీహెచ్‌లోని మార్పులనూ ఈ యాంటీబాడీ పట్టుకోదు. 55 దాటినవాళ్లలో ఆ మార్పులు అరుదు కాబట్టి గ్లియోబ్లాస్టోమాలా కనిపించే గడ్డకు అక్కడితో ఆపొచ్చు. కానీ జన్యు పరీక్ష ఖర్చు వేరు, అది దొరికే చోట్లు వేరు. పల్లె నుంచి వచ్చిన ఎంతమంది అక్కడిదాకా వెళ్తారు? నెగెటివ్ అని కాగితం చేతిలో పడితే ఎంతమందికి అడగాలని తెలుస్తుంది?

2024 ఆగస్టులో అమెరికాలో వోరాసిడెనిబ్ అనే మాత్రకు అనుమతి వచ్చింది. ఇలా మారిన ఐడీహెచ్‌నే అడ్డుకునే మందు అది, గ్రేడ్ 2 గడ్డలకు. 331 మంది మీద జరిగిన పరీక్షలో గడ్డ మళ్లీ పెరగకుండా ఉన్న కాలం మందు వేసుకున్నవాళ్లలో 27.7 నెలలు, ఉత్త మాత్ర వేసుకున్నవాళ్లలో 11.1 నెలలు. ఇలాంటి మందులు రావడం మొదలైంది. అవి ఎవరికి ఇవ్వాలో తేల్చేది మాత్రం ఈ ముక్కే. ముక్క పాడైతే మనిషి ఆ వరసలోనే ఉండడు.

నేను ప్రభుత్వాన్ని కోట్ల రూపాయల యంత్రం అడగడం లేదు. వెడల్పు మూతి ఉన్న ప్లాస్టిక్ జాడీలు, వాటిలో ముందే పోసి ఉంచిన బఫర్ ఫార్మలిన్ అడుగుతున్నాను. లీటరుకు 100 మిల్లీలీటర్ల ఫార్మలిన్, 900 మిల్లీలీటర్ల నీళ్లు, సోడియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ 4 గ్రాములు, డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ 6.5 గ్రాములు. ఇంతే. ఈ రెండు లవణాలు వేయకుండా ఉత్త నీళ్లలో కలిపేసేవాళ్లు చాలామంది. అలా కలిపింది నిలవ ఉన్నకొద్దీ ఆమ్లంగా మారుతుంది, రక్తం ఉన్న చోటల్లా నల్లని మచ్చలు పడతాయి, యాంటీబాడీ పని చెడుతుంది. ఒక ముక్కకు దాని పరిమాణానికి పది రెట్లు ద్రవం ఉండాలి. నా సర్వీసులో సన్న మూతి సీసాల్లో కుక్కిన ముక్కలను ఎన్ని చూశానో. లోపలికి మెత్తగా దూరుతుంది, గట్టిపడ్డాక బయటికి రాదు. సీసా పగలగొట్టి తీసేవాళ్లం. మూత మీద కాదు, జాడీ ఒంటి మీద పేరు రాయాలి, మూతలు మారిపోతాయి. ముక్క ఎన్ని గంటలకు తీశారో, ఎన్ని గంటలకు ఫార్మలిన్‌లో వేశారో రాయాలి. ఆ రెండో టైము రాయాల్సి వస్తే చాలు, థియేటర్‌లో ముక్క మరుగున పడి ఉండదు. ఇది నా అనుభవం.

ముక్కను ఇంటివాళ్ల చేతికిచ్చి ల్యాబ్ వెతుక్కోమనడం మానేయాలి. ఆపరేషన్ చేసినవాళ్లే దాన్ని ల్యాబ్‌కు చేర్చాలి. లోపల మనిషికి మెలకువ వచ్చిందో లేదోనని ఏడుస్తున్న తండ్రి చేతిలో ఆ డబ్బా పెడితే ఆయన దాన్ని ఎక్కడ పెట్టుకోవాలి? మా తమ్ముడు రాత్రంతా ఆ డబ్బాను తువ్వాల్లో చుట్టి దిండు పక్కన పెట్టుకుని పడుకున్నాడు. పోగొట్టకూడదని.

ఇంటివాళ్లు సొంతంగా ఫార్మలిన్ కలపడం లాంటివి చేయొద్దు, అది విషం, కళ్లకూ ఊపిరికీ ప్రమాదం. వాళ్లు చేయాల్సింది అడగడం. "ముక్కను ఫార్మలిన్‌లో వేశారా?" అని థియేటర్ సిస్టర్‌ను అడగండి. ఎవరూ ఏమీ అనుకోరు. రిపోర్టు వచ్చాక స్లైడ్లనూ మైనం బ్లాకులనూ రాసిచ్చి తీసుకోండి, లేదా ఎక్కడ భద్రంగా ఉన్నాయో కనుక్కుని నంబరు రాసి పెట్టుకోండి. సరిగ్గా చేసిన బ్లాకు ఏళ్ల తర్వాత కూడా పరీక్షకు పనికొస్తుంది. ఎండ తగలని, వేడి లేని చోట ఉంచితే చాలు. మైనం కదా, మేడ మీద రేకుల గదిలో పెడితే మెత్తబడి పాడవుతుంది. అలా పాడుచేసి తెచ్చినవాళ్లనూ చూశాను, వాళ్ల తప్పు కాదు, ఎవరూ చెప్పలేదు.

ఇంకొకటి. ప్రతి ప్రభుత్వ వైద్య కళాశాలలోనూ ఈ యాంటీబాడీ ఉండాలని నేను అనను. నెలకు ఒకటో రెండో మెదడు గడ్డలు వచ్చే చోట సీసా కొంటే వాడకముందే గడువు తీరిపోతుంది. ఈ బాధ మేం పడ్డాం. రెండు మూడు జిల్లాలకు కలిపి ఒక చోట పెట్టి, మిగిలిన కళాశాలల నుంచి బ్లాకులు అక్కడికి పంపే ఏర్పాటు చేస్తే ఖర్చు తగ్గుతుంది, చేసే చెయ్యికి అలవాటూ ఉంటుంది. రోగి బస్సెక్కక్కర్లేదు, బ్లాకు ఎక్కితే చాలు. అరచేతిలో పట్టే బ్లాకు కోసం ఇద్దరు మనుషులు రోజుల తరబడి హైదరాబాద్‌లో పడి ఉండటం ఎందుకు? ఆ కేంద్రంలో హిస్టోపాథాలజీ నేర్చిన టెక్నీషియన్లు ఉండాలి. నేను రిటైర్ అయిన చోట నా పోస్టులో ఇంతవరకు ఎవరినీ వేయలేదు. రక్త పరీక్షలు చేసే కుర్రాణ్ణి తెచ్చి మైక్రోటోమ్ ముందు కూర్చోబెట్టారట. పాపం, అతను నాకే ఫోన్ చేసి అడుగుతుంటాడు, బ్లేడు ఏ కోణంలో పెట్టాలమ్మా అని.

మా మేనల్లుడు మళ్లీ కొట్టుకు వెళ్తున్నాడు. ఫిట్స్ మాత్రలు వేసుకుంటున్నాడు. గడ్డ కనిపించినంత మేరా తీసేశారు, వయసు తక్కువ, కాబట్టి ఇప్పటికి రేడియేషన్ వద్దు, ఎంఆర్ఐలు తీస్తూ కనిపెట్టుకుని ఉందామన్నారు డాక్టరు గారు. బండి నడపొద్దన్నారని తమ్ముడే పొద్దున దింపి సాయంత్రం తీసుకొస్తాడు. మొన్న రాఖీకి వచ్చినప్పుడు వాడు నన్ను "అత్తా, ఆ ల్యాబ్ కుర్రాడి పేరేంటి?" అని అడిగాడు. కనుక్కుని చెప్పాను. వాడు వెళ్లి కలిసి వచ్చాడు. ఆ కుర్రాడికి తాను చేసింది గుర్తు కూడా లేదట. "మా సార్ అలాగే చేయమని నేర్పించారండీ, అందరికీ అలాగే చేస్తాను" అన్నాడట.

మా చుట్టుపక్కల జిల్లాల్లో ఏ ఆసుపత్రివాళ్లు పిలిచినా నా ఛార్జీలు నేనే పెట్టుకుని వస్తాను. థియేటర్ సిబ్బందికి ఫార్మలిన్ కలపడం, ముక్కను ఎలా వేయాలో, లేబుల్ ఎలా రాయాలో ఒక పూటలో నేర్పిస్తాను. నా చిరునామా, ఫోన్ నంబరు ఈ ఉత్తరంతో విడిగా జత చేశాను, అడిగినవాళ్లకు ఇవ్వండి. పత్రికలో మాత్రం పేరు వేయవద్దని మనవి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ హిస్టోపాథాలజీ టెక్నీషియన్,
తెనాలి.